మన సమీక్షల్లో మాట్లాడేదెవరు?

"ఇకపై ఫాలోఅప్ మరింత పటిష్టంగా చేయాలని తీర్మానించడమైనది." మా పాత మినిట్స్ పుస్తకాల్లో ఈ వాక్యం ఎన్నిసార్లు ఉందో ఈమధ్య కూర్చుని లెక్కపెట్టాను. 2017, 2018 రెండేళ్ళలో పదకొండు సార్లు. చేతిరాతలు మారాయి, ఇంకు రంగు మారింది, వాక్యం మాత్రం మారలేదు. ఒక పని చెయ్యాలని పదకొండు సార్లు తీర్మానించామంటే పదిసార్లు చెయ్యలేదనే కదా అర్థం!

మనం సమీక్షలు చెయ్యడం లేదని కాదు. నెలవారీ సమీక్ష, మూడు నెలల సమీక్ష, ప్రాజెక్టు మధ్యలో ఒకటి, చివర ఒకటి. ఏ సంస్థ క్యాలెండరు చూసినా పని రోజుల కన్నా మీటింగు రోజులే ఎక్కువేమో అనిపిస్తుంది. అయితే వీటిలో ఎక్కువ భాగం రిపోర్టు కోసం జరిగేవి. ఎన్ని ఊళ్ళు తిరిగాం, ఎన్ని సంఘాలు పెట్టాం, ఎందరికి శిక్షణ ఇచ్చాం అని అంకెలు చదివేసరికి భోజనాల వేళవుతుంది. ఏదైనా పని చెడినప్పుడు పెట్టే మీటింగు వేరుగా ఉంటుంది. అది సమీక్ష అని పేరు పెట్టుకున్న విచారణ. ఈ రెండు రకాల మీటింగులనూ నేను ఇరవై ఏళ్ళకు పైగా నడిపాను. నడిపినదాన్ని గనకే ఇది రాస్తున్నాను.

పాలమూరు వైపు ఒక మండల కేంద్రంలో మాకొక సహాయ కేంద్రం ఉంది. ఇంట్లో హింస భరించలేక వచ్చే స్త్రీలకు రెండు మూడు రోజులు తలదాచుకునే చోటు, కౌన్సెలింగ్, అవసరమైతే పోలీస్ స్టేషనుకూ కోర్టుకూ తోడు. ఐదుగురు ఫీల్డు కార్యకర్తలు, ఒక కౌన్సెలరు, ఒక అకౌంటెంటు, వంటా ఊడ్పూ చూసుకునే ఒక పెద్దామె, కోఆర్డినేటరుగా నేను. 2018లో ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి ఒకామె మూడోసారి మా దగ్గరికి వచ్చింది. చంకలో పిల్ల. రెండు రాత్రులు ఉంది. మూడోరోజు ఆమె భర్తనూ అత్తమామల్నీ పిలిపించి కూర్చోబెట్టాం. అందరూ మెత్తగానే మాట్లాడారు. ఇకపై చెయ్యి చేసుకోనని అతను కాగితం మీద సంతకం పెట్టాడు. ఆమె వేలిముద్ర వేసింది. సాయంత్రం బస్సుకి పంపించాం. ఆ నెల రిపోర్టులో 'పరిష్కారమైన కేసులు' అనే గడిలో ఆమె ఒక అంకె అయింది.

ఏడు వారాలకి పురుగుల మందు తాగింది. బతికింది. జిల్లా ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంది.

వెంటనే సమీక్షా సమావేశం పెట్టాం. నేనడిగిన మొదటి ప్రశ్న, "ఆ ఊరు ఎవరు చూస్తున్నారు?" ఇప్పుడు తల్చుకుంటే ఆ ప్రశ్నతోనే మీటింగు అయిపోయింది. తలలన్నీ ఒకవైపు తిరిగాయి. ఆ ఊరి కార్యకర్త లేచి నిలబడింది. నిలబడమని ఎవరూ అనలేదు. "తప్పయింది మేడమ్, నెలకెల్లి ఆ ఊరికి పోలే" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కౌన్సెలరు మంచినీళ్ళిచ్చింది. నేను కేకలేమీ వెయ్యలేదు. మెత్తగానే మాట్లాడాను, ఆ భర్తలాగే. తర్వాత మనకు తెలిసిన వాక్యమే పుస్తకంలో రాశాం. ఆ నెలాఖరుకి ఆ కార్యకర్త పని మానేసింది.

కొన్ని నెలల తర్వాత బస్టాండులో కనిపించింది. ఇద్దరం టీ తాగాం. ఉద్యోగం వదిలేసింది కాబట్టి నన్ను మేడమ్ అనడం మానేసి అక్కా అంటోంది. ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న అక్కడ అడిగాను, ఆ నెలంతా ఏం జరిగిందని.

"ఆ ఊరికి రెండు బస్సులు మారాలె అక్కా. నాలుగు నెలల చార్జీలు ఆఫీసుల ఆగినయి. టిక్కెట్లు అతికిచ్చి ఇస్తే ఫారం సరిగ లేదని తిప్పి పంపిన్రు. నా జీతంలకెల్లి ఎన్నిసార్లు పెట్టుకోవాలె?" ఆడవాళ్ళకి ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరులో గానీ రాలేదు. "అదీగాక వాళ్ళ మామ ఆ ఊళ్ళె పెద్దమనిషి. మన సంఘం మీటింగులు అయ్యేదే ఆయన అరుగు మీద. ఆ అరుగు మీద కూసోని కోడల్ని లోపల్నుంచి పిలుస్త అంటే ఎట్ల? ఆమెను మల్ల కొడుతున్నడని రెండో వారంలనే నాకు తెలిసింది. సోమవారం మీటింగుల చెప్పిన. టార్గెట్లు అయినంక మాట్లాడుకుందాం అన్నరు మీరు."

నేనలా అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. అనే ఉంటాను.

తిరిగి వచ్చాక వంట చేసే పెద్దామెనూ అడిగాను, ఆ అమ్మాయి ఉన్న రెండు రాత్రులూ ఆమే పక్కన పడుకుంది కనుక. "పోను పోను అని ఒకటే ఏడుసుడు బిడ్డా. మీకు తెల్వదా?" అంది. మరి నాకెందుకు చెప్పలేదంటే, "నన్ను మీటింగుల కూసోబెడితిరా?" అని తన పనిలో తను పడింది. నిజమే. ఆ సమీక్షా సమావేశంలోకి ఆమె రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ టీ ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆ గదిలో ఎవరికెంత తెలుసో చూడండి. జరిగినదాంట్లో ఎక్కువ తెలిసిన మనిషి గడప బయట ఉంది. ఆ తర్వాత తెలిసిన మనిషి తలుపు దగ్గర నిలబడి క్షమాపణ చెబుతోంది. ఏమీ తెలియని నేను కుర్చీలో కూర్చుని ప్రశ్నలు వేస్తున్నాను. ఇది మా ఒక్క సంస్థ కథే అయితే పత్రికలో రాయాల్సిన పని లేదు. శిక్షణల్లో, వర్క్‌షాపుల్లో కలిసినప్పుడు మీలో చాలామంది చెప్పుకునేవి ఇలాంటి కథలే. అయితే అవన్నీ టీ విరామంలోనే వింటాం. మీటింగు హాల్లో ఎవరూ చెప్పరు.

ప్రాజెక్టు మేనేజిమెంటు చదువుకున్నవాళ్ళు ఒక పని ముగిశాక అందరూ కూర్చుని వెనక్కి తిరిగి చూసుకోవడాన్ని 'రెట్రోస్పెక్టివ్' అంటారు. దీని పూర్వరూపాల్లో ఒకటి అమెరికా సైన్యానిది. 1970ల నుంచి వాళ్ళు శిక్షణ యుద్ధాల తర్వాత సిపాయిలనూ అధికారులనూ కలిపి కూర్చోబెట్టి నాలుగు విషయాలు అడిగేవారు. ఏం జరగాలనుకున్నాం? నిజానికి ఏం జరిగింది? తేడా ఎందుకొచ్చింది? ఈసారి ఏం చేద్దాం? అక్కడ హోదా లెక్కలోకి రాకూడదన్నది నియమం. సైన్యం దగ్గర మనం నేర్చుకునేదేమిటని ముక్కు విరిచేవాళ్ళుంటారు, నేనూ విరిచాను. కానీ ఆ నాలుగు ప్రశ్నల్లో 'ఎవరు' అనే మాట లేదన్న సంగతి గమనించండి. నా మొదటి ప్రశ్నే 'ఎవరు'.

ఆ తర్వాత దీన్ని సాఫ్ట్‌వేర్ వాళ్ళు పట్టుకున్నారు. 2001లో పదిహేడు మంది అమెరికాలోని యూటాలో కలిసి తమ పని పద్ధతి గురించి ఒక ప్రకటన తయారుచేశారు. దాని వెంట రాసుకున్న పన్నెండు సూత్రాల్లో చివరిది, బృందం తరచుగా ఆగి తన పనిని తాను చూసుకుని మార్చుకోవాలని. ఆ పదిహేడు మందీ మగవాళ్ళే. అయితే అలా చూసుకోవడం ఎలాగో వివరంగా చెప్పిన పుస్తకం 2006లో రాసింది ఇద్దరు స్త్రీలు, ఎస్తర్ డెర్బీ, డయానా లార్సెన్. వాళ్ళు చెప్పే వరుస ఇది: ముందు అందరూ మాట్లాడగలిగే వాతావరణం కల్పించడం, తర్వాత ఏం జరిగిందో పోగుచెయ్యడం, ఎందుకు జరిగిందో ఆలోచించడం, ఏం చెయ్యాలో నిర్ణయించుకోవడం, చివరకి సమావేశాన్ని సరిగ్గా ముగించడం. మనం మొదటి మూడూ వదిలేసి నాలుగో దానిలోకి దూకుతాం. జరిగిందేమిటో తెలియకుండానే తీర్మానం రాస్తాం. అందుకే అది పదకొండు సార్లు రాయాల్సి వస్తుంది.

పద్ధతి తెలిసినంత మాత్రాన సరిపోతుందా? మా చెల్లెలి కూతురు హైటెక్ సిటీలో పనిచేస్తుంది. రెండు వారాలకోసారి వాళ్ళకి 'రెట్రో' ఉంటుంది. అందులో ఏం చెబుతారే అని అడిగితే నవ్వి, "ఏముంది పెద్దమ్మా, మేనేజరు కూర్చుంటాడు. అప్రైజల్ రాసేది ఆయనే. అంతా బాగుందని రాసేసి వస్తాం" అంది. రంగు కాగితాలూ తెల్లబోర్డూ అన్నీ ఉన్నాయి. జీతం పెంచే చెయ్యి కూడా అదే గదిలో ఉంది.

1990లలో ఎమీ ఎడ్మన్సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్ల మీద పనిచేసింది. కలివిడిగా పనిచేసే నర్సుల బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని అనుకుంది. లెక్క తిరగబడింది. మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. వాళ్ళు ఎక్కువ పొరపాట్లు చేసినందువల్ల కాదు, చెప్పుకోగలిగినందువల్ల. భయపడే వార్డుల్లో దాచుకున్నారు. ఇది 1996లో అచ్చయింది. అప్పటి నుంచి నాకు తప్పులే లేని రిపోర్టు చూస్తే గుబులుగా ఉంటుందని చెప్పాలని ఉంది గానీ, నేనిది చదివింది 2019లో. అంతవరకూ తప్పుల్లేని రిపోర్టుకే మెచ్చుకునేదాన్ని.

"మన దగ్గర అంత భయమేముంది, మనమంతా ఒకటే కదా" అంటారు. ఇక్కడే నాకు పేచీ. మన సంస్థల్లో అందరం ఒకర్నొకరు అక్కా అని పిలుచుకుంటాం. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది, కాదనను. కానీ ఒక అక్క జీతాల చెక్కు మీద సంతకం పెడుతుంది, ఇంకో అక్క ఆ చెక్కు కోసం ఎదురుచూస్తుంది. ఒక అక్కకి ఇంగ్లీషు వచ్చు, ఇంకో అక్క ఏడో తరగతి. ఒకరి కులం ఎవరికీ గుర్తుండదు, ఇంకొకరి కులం ఎవరూ మరిచిపోరు. అమెరికాలో 1970లలో జో ఫ్రీమన్ స్త్రీల బృందాల గురించి ఇదే రాసింది. నాయకత్వం లేదు, నిర్మాణం లేదు అని చెప్పుకునే చోట పెత్తనం పోదు, కనపడకుండా పోతుంది, కనపడనిదాన్ని ప్రశ్నించలేం అని. సోదరిభావం పేరు చెప్పి మనం చేసేదీ అదే. భయం లేదని కోఆర్డినేటరు చెబితే చాలదు. ఫీల్డు కార్యకర్త చెప్పాలి. అదీ కోఆర్డినేటరు లేనప్పుడు చెప్పాలి.

'మనకు తెలియని మన చరిత్ర' మీలో చాలామంది చదివే ఉంటారు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి 1986లో వేసిన పుస్తకం. పోరాటం విరమించింది 1951లో. అంటే ముప్ఫై ఏళ్ళ తర్వాత గానీ ఆ స్త్రీలను కూర్చోబెట్టి, నీకేమనిపించింది, నీ పిల్లల సంగతేమిటి, ఇక ఇళ్ళకు పొమ్మన్నప్పుడు ఎలా ఉందీ అని అడిగిన వాళ్ళు లేరు. ఉద్యమాల్లో సమీక్షలకు లోటుండదు. పంథా మీద, నాయకత్వం మీద బోలెడు చర్చ జరుగుతుంది. అన్నం వండినవాళ్ళనీ, ఉత్తరాలు మోసినవాళ్ళనీ ఆ చర్చలోకి పిలవరు. వాళ్ళను అడగలేదని పార్టీలను నిలదీసిన స్త్రీల సంప్రదాయం మనది. మా సహాయ కేంద్రంలో మేము చేసింది వేరే ఏమన్నానా?

2019లో ఆ కేసు మీదే రెండోసారి కూర్చున్నాం. ఈసారి మా వాళ్ళెవరూ నడపకూడదని పక్క జిల్లా సంస్థ నుంచి ఒకామెను పిలిచాం. బదులుగా వాళ్ళ సమీక్షకి మా కౌన్సెలరు వెళ్ళింది. దీనికి డబ్బేమీ ఖర్చు కాలేదు, రానూపోనూ చార్జీలు తప్ప. పని మానేసిన కార్యకర్తకి నేనే ఫోన్ చేశాను. వస్తాను గానీ, "నా చార్జీలు ముందియ్యిన్రి, తర్వాత మాట్లాడుత" అంది. ఆ మాటతో సమీక్ష అప్పుడే మొదలైనట్టయింది. బిల్లు ఆ ఉదయమే ఇచ్చేశాం. వంట చేసే పెద్దామెను చాప మీద అందరితో పాటు కూర్చోబెట్టాం. ఆ రోజు భోజనం బయట నుంచి తెప్పించాం, టీ నేను పెట్టాను. ఇదంతా నాటకంలా ఉందని ఒకరు అన్నారు కూడా. కొంచెం అలాగే ఉండింది. మొదటి గంటసేపు ఆమె లేచి గ్లాసులు సర్దబోతూనే ఉంది.

గోధుమరంగు చార్టు నేల మీద పరిచి, ఆ అమ్మాయి మొదటిసారి వచ్చిన రోజు నుంచి ఆసుపత్రి దాకా ఒక గీత గీశాం. ఎవరికేది తెలిస్తే అది ఆ గీత మీద పెట్టాలి. చీటీలు రాయమంటే ఎవరి రాత ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది, రాయలేనివాళ్ళు వెనకబడతారు. అందుకని నడిపే ఆమె ఒక్కొక్కరితో పక్కగదిలో విడిగా మాట్లాడి తనే రాసి తెచ్చింది. నాకు ఆమె పెట్టిన నియమం ఒకటే, మధ్యాహ్నం దాకా నోరు తెరవొద్దని. ఇది వినడానికి చిన్న సంగతి. చెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్ళకి తెలుస్తుంది. ప్రతి చీటీకీ నా దగ్గరొక వివరణ ఉంది. ఫండ్స్ ఆలస్యమయ్యాయనీ, ఆడిట్ ఉండిందనీ, ఆ సోమవారం నాకు జ్వరమనీ. మింగాను.

మధ్యాహ్నానికి గీత నిండిపోయింది. మేమంతా అనుకున్నది ఫాలోఅప్ లోపం అని. చీటీల్లో ఎక్కువ భాగం కాగితం మీద సంతకం పెట్టించిన రోజుకి ముందువి. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి ఏం కావాలని ఎవరూ అడగలేదు. కౌన్సెలరు అడిగానని చెప్పింది, కానీ అప్పుడు అత్తగారు పక్క బల్ల మీద ఉంది. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. మెజిస్ట్రేటు ద్వారా రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చనీ, ఆ ఇంట్లో ఉండే హక్కు తనకి ఉందనీ, ఇల్లు వదిలేయడమో దెబ్బలు తినడమో రెండే దారులు కావనీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. మా గోడ మీద మాత్రం ఆ చట్టం పోస్టరు ఉంది. ఆమెకి చదవడం రాదు. నెలాఖరు కావడంతో 'పరిష్కారం' గడి నింపాలన్న తొందర ఉండిందని అకౌంటెంటు చెప్పింది. ఆ తొందర పెట్టింది నేను.

మొదటి సమీక్షలో దొరికిన దోషి ఒక్కతే, ఏడో తరగతి చదివిన ఒక కార్యకర్త. రెండో దానిలో దోషి ఎవరూ లేరని కాదు. దోషం ఎక్కడెక్కడ పరచుకుని ఉందో కనిపించింది. అందులో నా వాటా పెద్దది.

ఆ అమ్మాయిని కూడా ఈ సమావేశానికి పిలవాలా అని ముందు చాలా వాదించుకున్నాం. పదిమంది మధ్య కూర్చోబెట్టి మా పొరపాట్లు ఆమె చేత చెప్పించుకోవడం ఇంకో హింస అని నా అభిప్రాయం. పిలవలేదు. కానీ ఆమె లేకుండా ఆమె గురించి మాట్లాడుకోవడమూ సరికాదు. పెద్దామె ఒక్కతే వెళ్ళి, తల్లిగారింట్లో ఉన్న ఆమెను అడిగి వచ్చింది. ఆమె చెప్పి పంపింది ఇది. "మీరంత మంచోల్లే. గని ఆయన ఎదురుంగ కూసోబెట్టి పోతవా అంటే, పోను అని ఎట్ల చెప్పాలె?"

ఆ మాట తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అలాంటప్పుడు మౌనం నింపడానికి తొందరపడే నాయకురాళ్ళం మనం. నడిపే ఆమె తొందరపడలేదు.

చేయాల్సినవి పద్నాలుగు తేలాయి. అన్నీ తీర్మానాలు చేస్తే మళ్ళీ పాత పుస్తకమే. అందరికీ తలా మూడు చింతగింజలు ఇచ్చి, ఏవి ముందు కావాలో వాటి మీద పెట్టమన్నాం. కోఆర్డినేటరు గింజలకీ వంటమనిషి గింజలకీ ఒకే లెక్క. మూడు పనులు తేలాయి. ఫీల్డు కార్యకర్త చేతిలో చార్జీలకి ముందస్తు డబ్బు ఎప్పుడూ ఉండాలి, బిల్లు తర్వాత. ఉమ్మడిగా కూర్చోబెట్టే ముందు ఆమెతో ఒంటరిగా, తలుపు మూసిన గదిలో, ఆ ఉమ్మడి మీటింగు నడపబోని మనిషి మాట్లాడాలి. సంఘం మీటింగులు ఆ పెద్దమనిషి అరుగు మీద నుంచి మార్చాలి. ఒక్కోదానికి ఒక పేరు, ఒక తేదీ. తర్వాతి సమీక్షలో మొదట అడగాల్సింది ఈ మూడింటి గురించే, కొత్త సంగతులు ఆ తర్వాత. అందరూ కలిసి చేస్తాం అని రాసుకున్న పని ఎవరూ చెయ్యరని మనకి తెలియంది కాదు.

'పరిష్కారమైన కేసులు' అనే గడిని తీసేసే పని నేను పెట్టుకున్నాను. దాని బదులు 'ఇంటికి వెళ్ళింది', 'ఆరు నెలల తర్వాత మాట్లాడాం' అని రెండు గడులు పెట్టాను. ఫండింగ్ సంస్థ ఆఫీసరు, మీ పరిష్కారాలు ఒక్కసారిగా పడిపోయాయేమిటని అడిగాడు. పడిపోలేదు, ఎప్పుడూ అన్ని లేవు అని చెప్పడానికి నాకు మూడు ఉత్తరాలు పట్టాయి. అర్ధరోజు సమీక్షకి అయిన ఖర్చు ఏ పద్దులో చూపాలన్నది మరో తలనొప్పి. 2020 విదేశీ నిధుల చట్ట సవరణ పాలనా ఖర్చులను యాభై శాతం నుంచి ఇరవై శాతానికి దించాక, ఇలాంటి వాటి మీదే ముందు కత్తెర పడుతోంది. ప్రాజెక్టు రాసేటప్పుడే సమీక్షను కార్యక్రమంగా రాసుకోవడం మంచిది. ఆ రోజు జీతం, పిల్లలున్నవాళ్ళకి పిల్లల్ని చూసే మనిషి, చివరి బస్సు వేళ, ఇవి కూడా. ఐదింటికి బస్సు ఉన్న మనిషి నాలుగున్నరకి ఏ నిజమూ చెప్పదు, గడియారం చూస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. 2001లో నార్మన్ కెర్త్ అనే ఆయన ఈ సమావేశాలకి ఒక మూల నియమం పెట్టాడు. ఆనాటికి తమకు తెలిసినదాన్ని బట్టి, ఉన్న వనరులను బట్టి ప్రతి ఒక్కరూ చేతనైనంత చేశారని నమ్మి మొదలుపెట్టాలని దాని సారాంశం. పని పొరపాట్లకి ఈ నియమం చాలా మంచిది. మా రెండో సమీక్ష నడిచింది దీని బలం మీదే. కానీ దీన్ని అన్నిచోట్లా పరిస్తే ప్రమాదం. డబ్బు తిన్నప్పుడు, కార్యకర్త మీద ఎవరైనా చెయ్యి వేసినప్పుడు, దళిత కార్యకర్తకి వేరే గ్లాసు పెట్టినప్పుడు 'అందరూ చేతనైనంత చేశారు' అని చాప మీద కూర్చోబెట్టడం అన్యాయం. వాటికి వేరే చోట్లున్నాయి. పది మంది, అంతకు పైబడి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అంతకన్నా చిన్న సంస్థ అయితే ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళాలి. మనలో కొన్ని సంస్థలు ఇలాంటి ఫిర్యాదుల్ని 'మనలో మనం కూర్చుని మాట్లాడుకుందాం' అని సమీక్షల్లోకి లాగి చల్లార్చాయి. అది మనకి తెలుసు. సమీక్షల మీద చిన్న కార్యకర్తలకి నమ్మకం లేకపోవడానికి అదీ ఒక కారణం.

సమీక్షలో వచ్చిన మాటలు రిపోర్టులోకి ఎన్ని వెళ్ళాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. మేము నిర్ణయాలు మాత్రం రాస్తాం, ఎవరేమన్నారో రాయం. స్త్రీల పేర్లు చార్టు మీద కూడా ఉండవు. ఆ రోజు సాయంత్రం చార్టును పెద్దామె పొయ్యిలో పెట్టింది.

ఉద్యోగం వదిలేసిన కార్యకర్త తిరిగి రాలేదు. రమ్మని అడిగాను. అంగన్‌వాడీలో ఆయాగా చేరింది, అక్కడ జీతం సరిగ్గా వస్తుందా అంటే అదీ అంతే అని నవ్వింది. ఆ అమ్మాయి గృహహింస చట్టం కింద దరఖాస్తు పెట్టింది. మొదటి విచారణ నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆమెకి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు కూతురితో తల్లిగారి ఊళ్ళో ఉంటోంది, మిషను కుడుతుంది.

ఆనాటి మూడు నిర్ణయాల్లో రెండు నిలబడ్డాయి. చార్జీల ముందస్తు డబ్బు ఇప్పుడు నాలుగు మండలాల్లో ఇస్తున్నాం. ఉచిత బస్సు వచ్చాక ఆ అవసరం తగ్గింది, అయినా బస్సు పోని ఊళ్ళకి ఆటో ఉంది కదా. ఒంటరిగా మాట్లాడే పద్ధతి పెద్దామె చూస్తుంది, ఆమె లేని రోజు ఉమ్మడి మీటింగు పెట్టం. మూడోది ఇంకా కాలేదు. ఆ ఊళ్ళో బడి వరండా అడిగితే హెడ్మాస్టరు సర్పంచిని అడగమన్నాడు, సర్పంచి పెద్దమనిషినే అడగమన్నాడు. సంఘం ఇప్పటికీ ఆ అరుగు మీదే కూర్చుంటోంది. ఈ నెల సమీక్షలో మొదటి అంశం అదే.